అమ్మే ఇంటికి అలంకారమా, మరమ్మతా?



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడమని ఎవరూ అనలేదు గానీ, అదీ అంత పనేనండి. ఆ అనుభవమే ఇవాళ మీతో చెప్పుకుందామని.

విజయవాడలో మా నాన్నగారు 1984లో కట్టించిన మూడు గదుల డాబా వుండేది. ఆయన పోయాక అమ్మ ఒక్కతే అందులో కాలక్షేపం చేసింది. మోకాళ్ళ నొప్పులతో ఇక ఒంటరిగా వుండలేని స్థితి వచ్చి, 2023 వేసవిలో అమ్మకం పెట్టాం. వచ్చే డబ్బే ఆమెకు ఆధారం. ఒక్క రూపాయి వృథా అయినా అది అమ్మ మందుల డబ్బులోంచి పోయినట్టే కదా!

మా తమ్ముడు ఓ జాబితా రాసుకొచ్చాడు. వంటింట్లో కడప బండల అలమరలు తీసేసి మాడ్యులర్ కిచెన్, హాల్లో గచ్చు మీద టైల్స్, ముందు గదికి ఫాల్స్ సీలింగు. అంతా కలిసి 6 లక్షలు. "పెట్టినదానికి రెండింతలు వస్తుందక్కా" అన్నాడు. దాచుకోవడం ఎందుకు, టైల్స్ రంగు ఎంచింది నేనే.

అమ్మ మాత్రం, "పడగ్గది మూల చెమ్మ సంగతేమిటర్రా?" అంది.

"రంగు వేస్తే కనబడదులేమ్మా."

"కనబడకపోతే లేనట్టా? రేపు వానల్లో ఆ గదిలో పడుకునేది ఏ పసిపిల్లల తల్లో!"

మేమిద్దరం నోరెత్తలేదు. అమ్మ మాటలో ధర్మమే కాదు, చట్టమూ వుందని తర్వాత వకీలుగారు చెప్పారు. ఇంటిలో ముఖ్యమైన లోపం వుండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, అమ్మేవారు చెప్పితీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంటుంది.

సరే, మేస్త్రీని పిలిచాం. ఆయన గోడ వంకైనా చూడకుండా డాబా ఎక్కాడు. పిట్టగోడకూ డాబాకూ మధ్య బీట. వాననీటి గొట్టం నిండా రావి మొక్క వేళ్ళు. వేళ్ళతో సహా మొక్క తీయించి, బీట పూడ్పించి, నీరు పోయే వాటం సరిచేయించాం. డాబా మీద నీళ్ళు నిలగట్టి ఒక పగలూ ఒక రాత్రీ చూశాం. కింద తడి దిగలేదని తేలాకే గోడమీద పెచ్చులు కొట్టించి కొత్త పూత పూయించాం. అది బాగా ఆరాక రంగు. ఈ వరస తప్పకూడదు. తడి గోడమీద ఎంత ఖరీదు రంగు వేసినా ఒక్క వానాకాలంలో పొక్కి రాలిపోతుంది.

ఆపైన కారే కుళాయిలు, స్నానాలగది తలుపుకు కింద చివికిన చెక్క, బిగుసుకుపోయిన కిటికీ రెక్కలు, పగిలిన స్విచ్చులు. మొత్తం 90 వేల లోపే తేలింది.

కాగితాలకూ మరమ్మతు వుంటుందండోయ్! ఇల్లింకా నాన్నగారి పేరునే వుంది. ఆయన వీలునామా రాయలేదు కనుక అమ్మతోపాటు తమ్ముడూ, పెళ్ళయి వెళ్ళిన నేనూ సంతకాలు పెట్టాలి. కుటుంబ సభ్యుల పత్రం, పాత దస్తావేజులు, ఇ.సి., ఇంటి పన్ను రసీదులు ముందే సమకూర్చుకున్నాం. మా వాటాల డబ్బు అమ్మ పేరనే వేశాం.

ఇంకొక మాట. అమ్మిన లాభం మీద పన్ను లెక్కగట్టేటప్పుడు, 2001 ఏప్రిల్ 1 తర్వాత కొత్తగా గది వేసుకోవడంలాంటి ఖర్చులు కలుపుకోవచ్చు. రంగులకూ చిల్లర మరమ్మతులకూ ఆ వీలు లేదు. పాత బిల్లులు పారేయకండి.

చివరికి కొనేవాళ్ళు వచ్చారు. ఆయన తిన్నగా డాబా ఎక్కారు. ఆవిడ ప్రతి కుళాయీ తిప్పి చూసింది. వంటింట్లో నిలబడి, "పొయ్యి ఆగ్నేయానికి మార్చుకోవాలి, ఇదంతా తీయించేస్తాం" అంది. తమ్ముడూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మూడు లక్షల కిచెన్ మూడు నెలలు నిలిచేది కాదు! చెమ్మ సంగతి అమ్మే దాచకుండా చెప్పి, చేయించిన పనికి బిల్లు చూపించింది. బేరమైతే ఆడారు, బేరమాడని వాళ్ళెవరు? కానీ తడి గోడ చూపించి తగ్గించమనే వీలు లేకపోయింది.

అందుచేత నేను చెప్పేదొకటే. పని మొదలెట్టే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఇది చేయించకపోతే కొనేవాళ్ళకు ఇబ్బందా, చేయిస్తే నా కంటికి ముచ్చటా? ఇబ్బందైతే చేయించండి. ముచ్చటైతే వదిలేయండి. ఆ ముచ్చట వాళ్ళది.

ఇల్లు అప్పగించే రోజున అమ్మ ఆ పడగ్గది గోడను చేత్తో తడిమి, "ఎంత పొడిగా వుందో!" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆరేళ్ళపాటు ఆ చెమ్మ పక్కనే ఆమె మంచం. మేము పండగలకు వెళ్ళాం, చూశాం, వచ్చాం. ఎవరో కొంటారంటే బాగుచేయించాం.

మీ ఇంట్లోనూ అటువంటి మూల ఒకటి వుండే వుంటుంది. అమ్మేదాకా ఆగకండి. అందులో వుంటున్నది మీ వాళ్ళే కదా!

సెలవు.