హాసిల్ అంటే చిల్లర మార్చడమే
(రాజంపేటలో మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మన సాయంత్రం తరగతుల్లో మేము ఎక్కువగా శ్రమపడింది పెద్ద సంఖ్యల కూడిక మీద. నాలుగో తరగతి పాపకు 2475, 386 కూడమని ఇచ్చాం. 2 కింద 3 రాసి, 6335 అని తెచ్చింది. ఇంకో బాబు ఏ వరుసకు ఆ వరుస కూడి 271511 అన్నాడు. ఇద్దరూ అంగడికి పంపితే చిల్లర తప్పకుండా తెచ్చేవాళ్లే. అంకె ఉన్న చోటును బట్టి దాని విలువ మారుతుందని కూర్చోబెట్టి చెప్పినవాళ్లే లేరు.

భాష చిక్కు కూడా ఉంది. ఇంట్లో ‘ఉంతీస్’ అంటాం. అందులో ‘తీస్’ వినిపించి కొందరు 39 రాస్తారు. తెలుగులో ‘ఇరవై తొమ్మిది’ అంటే రెండు పదులు, తొమ్మిది ఒకట్లు మాటలోనే తెలుస్తాయి. అందుకే రెండు భాషల్లోనూ చెప్పించాం.

గళ్ల నోటుపుస్తకాలు ఇచ్చి, పైన వేలు, వందలు, పదులు, ఒకట్లు అని రాయించాం. గడికి ఒక్క అంకె. అట్టముక్కలతో 1, 10, 100, 1000 నోట్లు చేశాం. 5, 6 కలిస్తే 11. పది ఒకట్లు ఇచ్చి ఒక పది నోటు తీసుకుని పదుల గడి పైన పెట్టాలి. అక్కడ 7, 8, 1 కలిసి 16. అందులో పది పదులు ఒక వంద. వందలు 4, 3, 1 కలిసి 8. వేలు 2. జవాబు 2861. పెద్దలు ‘హాసిల్’ అన్నా, బడిలో ‘చేతిలో ఒకటి’ అన్నా ఈ చిల్లర మార్పిడే.

ముందే అంచనా వేయడం కూడా నేర్పాం. రెండున్నర వేలకు నాలుగు వందలు కలిపితే మూడు వేలు దాటదు కదా! ఇప్పుడు 6335 వస్తే పిల్లలే కొట్టేసి మళ్లీ చేస్తున్నారు.

మన దేశపు అంకెలతో లెక్కలు చేసే పద్ధతిని 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ గ్రంథంగా రాశారు. ఆ గ్రంథం లాటిన్ అనువాదాలతో ఐరోపాకు చేరింది. అంత దూరం వెళ్లిన విద్య మన వీధి పిల్లలకు అందకపోతే ఎలా?

నాలుగో తరగతిలో లెక్కంటే భయపడ్డ పిల్లవాడు పదో తరగతి దాకా నోరు విప్పడు. ఆ తర్వాత బడి మానేస్తాడు. నాన్న కువైట్‌లో ఉండి, ఇంట్లో లెక్క చూసేవారు లేని పిల్లలు మనలో ఎందరో. బ్యాగులకు, బట్టలకు దాతలు ముందుకొస్తున్నారు, సంతోషం. వారానికి ఒక సాయంత్రం గంటసేపు పిల్లల పక్కన కూర్చునేవారు కూడా కావాలి. ఆ గంటనూ దానంగా ఇవ్వండి.

మీరిచ్చిన సొమ్ముకు జమాఖర్చులు ఈ సంచిక చివర ఉన్నాయి. అచ్చుకు ఇచ్చే ముందు మన ఐదో తరగతి పిల్లలు వాటిని కూడి చూశారు. లెక్క సరిపోయింది.