చూడి నిలిచిననే పాడి నిలుచును
(బీర్పూర్ మండల పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)

గ్రామ పంచాయతీ సభ్యులారా!

పంట చేతికి వచ్చువరకు రైతు ఇల్లు గడుపునది పాడి పశువు. ఆవు తొమ్మిది నెలలు, బర్రె పది నెలలు మోసినగాని దూడ కలుగదు; దూడ కలిగినగాని పాలు లేవు. ఏడవ నెలలో చూడి పోయినచో దూడయు, ఆ ఈత పాలును ఒక్కసారిగా పోవును. ఇది ఒక్క రైతు నష్టమేనని మనము ఊరకుండరాదు. కారణమును మనవి చేయుదుము.

చూడి పోవుటకు హేతువులు పెక్కు గలవు. పశువులు పొడుచుకొనుట, బూజు పట్టిన మేత, కొన్ని అంటురోగములు అందులోనివి. ఊరికంతటికి ముప్పు తెచ్చునది ఈసుడు రోగము, అనగా బ్రూసెల్లోసిస్. దీని సూక్ష్మజీవిని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు బెర్న్‌హార్డ్ బాంగ్ 1897లో కనుగొనెను. ఈ రోగమున సాధారణముగా అయిదవ నెల దాటిన పిదప పశువు ఈసుకొనిపోవును. తరచుగా మాయ పడదు. మరుసటి ఈతలో అదే పశువు నిండు దూడను ఈనవచ్చును. అంతమాత్రమున రోగము పోయినదని భ్రమపడరాదు. రోగబీజములు పాలలోను, ఈనినప్పటి స్రావములలోను వెలువడుచునే యుండవచ్చును.

పడిన పిండమును, మాయను పెంటకుప్పపై పారవేసినచో కుక్కలు ఈడ్చుకొనిపోయి బీళ్లలో విడుచును. అక్కడ మేసిన పొరుగు పశువునకు రోగము తగులును. అట్టి పశువును సంతలో గుట్టుగా అమ్ముట మరియొక ఊరికి రోగమును తోలుటయే. ఉత్తచేతులతో మాయ తీసినవారికిని, పచ్చిపాలు త్రాగినవారికిని ఇదే రోగము సోకి, విడిచి విడిచి వచ్చు జ్వరము, చెమటలు, కీళ్లనొప్పులు కలుగును. కొట్టము ఊడ్చు తల్లులే ముందుగా ప్రమాదమునకు లోనగుదురు. గర్భిణీ స్త్రీలను దరికి రానీయరాదు.

కనుక ఈసుకొనిపోయిన పశువును వెంటనే వేరుగా కట్టించవలెను. పశువైద్యునికి కబురంపి రక్తపరీక్ష చేయించవలెను. ఊహతో రోగము నిర్ణయింపరాదు. పరీక్షకు కావలసినది వైద్యుడు తీసికొనిన పిమ్మట, చేతులకు తొడుగులు ధరించి, పిండమును మాయను కుక్కలు తవ్వలేని లోతున సున్నము చల్లి పూడ్చవలెను. పాలు మరగకాచి త్రాగవలెను.

రోగము వచ్చిన పశువునకు నమ్మదగిన చికిత్స లేదు. నివారణకు టీకా కలదు. నాలుగు నుండి ఎనిమిది నెలల వయస్సుగల పెయ్యదూడలకు ఒక్కసారి వేయించిన చాలును. మగదూడలకును, చూడి పశువులకును ఇది వేయరు. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమములో గాలికుంటుతోపాటు ఈ రోగమును చేర్చిరి. మన జిల్లాలో కోరుట్లయందు పశువైద్య కళాశాలయే యున్నది. శాస్త్రజ్ఞానము మనకు దూరముగా లేదు.

పెయ్యకు ఎనిమిది నెలలు దాటినచో అదను తప్పును. కావున ప్రతి సభ్యుడును తన వార్డులో ఆ వయస్సు పెయ్యలు ఎన్ని గలవో ఇంటింట లెక్క వ్రాసి, ఆ జాబితాను పశువైద్యశాలకు అందజేయవలెనని కోరుచున్నాము.