అద్దం పూతకు రెండో లెక్క



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీతో టెలిస్కోపు అద్దం మీది లోహపు పూత గురించి మాట్లాడతాను. హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల టెలిస్కోపు కోసం ఏళ్ల తరబడి పాటుపడ్డారు. 1982లో కన్నుమూశారు. అది 1986లో ఆయన పేరుతోనే జాతికి అంకితమైంది. అంత పెద్ద అద్దంలోనూ వెలుగును తిప్పి పంపేది గాజు కాదు, దాని మీది అల్యూమినియం. వాక్యూమ్ చాంబర్‌లో లోహాన్ని ఆవిరి చేసి, మిల్లీమీటరులో పదివేలవ వంతు మందాన పూస్తారు. మీరే లెక్క కట్టండి: అద్దమంతటికీ పట్టేది గ్రాముకు కాస్త ఎక్కువ!

కొత్త పూత కంటికి కనిపించే వెలుగులో సుమారు 90 శాతం తిప్పి పంపుతుంది. వెలుగు రెండు అద్దాలు దాటేసరికి 81, మూడు దాటేసరికి 73.

ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ కాలంలో అద్దాన్నే రాగి, తగరాల మిశ్రమంతో పోతపోసేవారు. ఎంత మెరుగుపెట్టినా మూడింట రెండు వంతుల వెలుగే వచ్చేది. రెండు అద్దాలు దాటితే సగం కూడా మిగలదు. శుద్ధమైన వెండిలో, అల్యూమినియంలో ఎలక్ట్రాన్లు వెలుగుతో పాటు ధారాళంగా ఊగుతాయి. రెండు లోహాలు కలిస్తే ఎలక్ట్రాన్లకు అడుగడుగునా అడ్డు; ఆ మేరకు వెలుగు వేడిగా మారిపోతుంది. పైగా ఆ మెరుగు త్వరగా మాసేది. అందుకే 1789 నాటి తన పెద్ద టెలిస్కోపుకు హెర్షెల్ రెండు అద్దాలు చేయించుకున్నాడు. ఒకటి మెరుగుకు వెళితే రెండోది పనిలో ఉండేది.

వెండి 95 శాతం పైనే ఇస్తుంది. కానీ గాలిలోని గంధకం తగిలితే ఇంట్లో పట్టీల్లాగే నల్లబడుతుంది. చిలీలోని జెమిని సౌత్ టెలిస్కోపు 8.1 మీటర్ల అద్దానికి 2004లో వెండి పూసినప్పుడు, దాన్ని కాపాడేందుకు నికెల్-క్రోమియం నైట్రైడ్ పలుచటి పొరలు వేశారు. వెలుగును తిప్పడంలో వెనకబడిన మిశ్రమ లోహానికి అక్కడ అసలైన పని దొరికింది. నాకు చాలా ఇష్టమైన ఇంజనీరింగ్ అది.

రేపు మీరు ఏ పూతకైనా సంతకం పెట్టేటప్పుడు కంపెనీ కాగితంలో కొత్తనాటి శాతం ఒక్కటే కనిపిస్తుంది. మూడో ఏట ఎంత, ఏ గాలిలో ఎంత అని అడగండి. ఆ జవాబు ఇక్కడే తయారుచేయవచ్చు. ఒకే రోజు పూత వేసిన గాజు ముక్కలు మూడు తీసుకోండి. ఒకటి మైలవరంలోని ఈ కాలేజీ డాబా మీద, ఒకటి థర్మల్ కేంద్రం ఉన్న ఇబ్రహీంపట్నంలో, ఒకటి మచిలీపట్నం ఉప్పుగాలిలో పెట్టి నెలనెలా కొలవండి. మొదటి కొలత మాత్రం పెట్టెలోంచి తీసిన రోజునే రాసుకోండి.