అమృతాంజనము ప్రక్కన వేలము ప్రకటన

పాత పత్రికను తెరచినవారు సాధారణముగా సంపాదకీయమునకే పోవుదురు. స్వదేశీ ఉద్యమ కాలమున ముట్నూరి కృష్ణారావుగారేమి వ్రాసిరి, 1907లో బిపిన చంద్ర పాలుగారు రాజమహేంద్రవరమునకును బందరునకును వచ్చినప్పుడు జనమెట్లు గుమిగూడిరి అని వెదకుదురు. వెదకవలసినదే. కాని ఆ పుటకు ముందును వెనుకను సన్నని అక్షరములతో కిక్కిరిసియుండు పుటలు మరికొన్ని కలవు. చరిత్రకారులు వానిని చకచక త్రిప్పివేయుదురు. ఆనాడు చందా కట్టి పత్రిక తెప్పించుకొన్న గృహస్థుడు మాత్రము ముందుగా వానినే చూచియుండునని మా ఊహ. ఎవరి ఇల్లు వేలమునకు వచ్చినది, క్రొత్త పంచాంగము వెలువడినదా, తలనొప్పికి ఏ మందు వచ్చినది — అరుగు మీద కూర్చుండి మాటలాడుకొనదగిన సంగతులు ఇవియే కదా! ఆ పుటలను గురించి నేడు కొంత ముచ్చటించుకొందము.

బందరులో మాకొక మిత్రుడు కలడు. ఆయన తాతగారు ప్లీడరు. వారి ఇంటి అటక మీద పాత కాగితపు కట్టలతోపాటు పట్టణ పత్రికల సంపుటములు రెండు మూడు చిక్కినవి. బందరు పత్రికలకు పుట్టినిల్లు వంటి ఊరు. కృష్ణాపత్రిక 1902లో అచ్చటనే ప్రారంభమయ్యెను. ఇట్టి సంపుటములను భద్రపరచిన చోట్లు మనకు లేకపోలేదు. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనమునకు పాత పత్రికల వలననే ఎంతయో పేరు వచ్చినది. కాని అటక మీది సంపుటమును ఆ ఇంటి చావడిలోనే విప్పి చూచుటలో వేరొక రుచి ఉన్నది. వేలు తగిలిన చోటనెల్ల కాగితము పెళుసుబారి రాలుచుండెను. మధ్యాహ్నమంతయు మేము నలుగురము ఊపిరి బిగబట్టి పుటలు త్రిప్పితిమి.

మొట్టమొదట కంటబడునవి మందులు. నరముల నిస్సత్తువకు, అజీర్ణమునకు, చలిజ్వరమునకు, ఆడువారి వ్యాధులకు వేరువేరుగాను, అన్నిటికిని కలిపి ఒక్కటిగాను మందులు. ఏ మందును గుణమీయకపోవుట అనునది లేదు. గుణమీయనిచో వెల వాపసు. ఈ ధోరణికి చట్టము కళ్లెము వేయుటకు 1954 వరకు పట్టెను. ఆ సంవత్సరమున వచ్చిన శాసనము మహిమగల మందుల ప్రకటనలను, కొన్ని వ్యాధులు కుదుర్తుమను ప్రకటనలను నిషేధించినది. అయినను అన్నిటిని ఒకే గాటికి కట్టరాదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనము ఈనాటికిని మన ఇండ్లలో ఉన్నది. ప్రకటనలు పత్రికను పోషించుట లోకమెరిగిన విషయము. ఇచ్చట కథ తిరుగబడినది. నాగేశ్వరరావుగారు మందు మీద వచ్చిన ధనముతో 1908లో బొంబాయి నుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా చేసిరి.

మందుల తరువాత పుస్తకములు. వావిళ్లవారి పురాణములు, కావ్యములు. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలివారి చరిత్రలు, శాస్త్ర గ్రంథములు. ప్రతి ప్రకటన క్రిందను "వి.పి. ద్వారా పంపబడును" అను మాట. వినుటకు చిన్న మాటయే గాని, దాని వెనుక పెద్ద సౌకర్యము ఉన్నది. సరకు తపాలాలో వచ్చును, ఇంటి గుమ్మమున తపాలా బంట్రోతుకు వెల చెల్లించి పుచ్చుకొనవచ్చును. ఈ పద్ధతి మన దేశమున 1877లో వచ్చెను. కార్డు ముక్క వెల కానీ, అనగా మూడు పైసలు. 1922లో గాని అది అర్ధణా కాలేదు. చిన్న శ్రోతలకొక మాట: ఆ పైస నేటి పైస కాదు. పండ్రెండు పైసలు ఒక అణా, పదునారు అణాలు ఒక రూపాయి. 1957 వరకు అదియే లెక్క. మూడు పైసల కార్డు వ్రాసి, దివిసీమలోని రైతు చెన్నపట్టణము నుండి భాగవతమును తెప్పించుకొనగలిగెను. రేడియోలో ప్రకటనలు వినవచ్చుట 1967లో వివిధభారతితో మొదలైనది. అంతకుముందు వర్తకుడు పల్లె గుమ్మము తట్టిన పద్ధతి ఇదియే.

ఇక కోర్టు ప్రకటనలు. మేము చదువుచు చదువుచు ఆగిపోయినది వీనివద్దనే.

ముందు ఆ భాషను చూడుడు. వాది, ప్రతివాది సంస్కృతము. దావా, జప్తు, వకాల్తా తురకల ఏలుబడిలో వచ్చిన మాటలు. డిక్రీ, నోటీసు, షెడ్యూలు దొరల మాటలు. మూడు ప్రభుత్వములు ఒక్క వాక్యములో ఇమిడినవి. వాక్యమా, ఆగక ఒక అర నిలువు పొడవున సాగును. తుదకు షెడ్యూలు వచ్చును. అచ్చట మాత్రము భాష తేటపడును: గ్రామము పేరు, సర్వే నంబరు, ఎకరములు, సెంట్లు, తూర్పు ఫలానావారి దొడ్డిగోడ, దక్షిణము పంటబోదె, పడమర రాజవీధి, ఉత్తరము ఫలానావారి పాత పెంకుటిల్లు. ఈ హద్దుల నడుమ నుయ్యి ఎక్కడ, కొబ్బరిచెట్లెన్ని, పశువులపాక ఉన్నదా లేదా అన్నియు చెప్పుదురు. ఒక ఊరి వీధుల పటము వేయదలచిన వారికి ఇంతకంటె మంచి ఆధారము దొరకదు. అయితే, ఒక కుటుంబము ఆ ఇల్లు కోల్పోవు సమయముననే ఆ ఇంటి వర్ణన అచ్చునకెక్కినదని మరువరాదు.

1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ఈ వేలముల పద్ధతిని నిర్ణయించెను. స్థిరాస్తిని అమ్మవలెనన్న ముందు ఆ ఆస్తి వద్ద టముకు వేయవలెను. ఆస్తి మీదను, కోర్టు గోడ మీదను ప్రకటన అంటింపవలెను. న్యాయాధిపతి కోరినచో గెజెటులోనో స్థానిక పత్రికలోనో అచ్చువేయింపవలెను. టముకు నియమముగను, పత్రిక కోరికగను ఉండుట గమనింపుడు. ఆ శతాబ్దపు మొదటి జనాభా లెక్కలలో చెన్నరాజధానిలో చదువరులు నూటికి పదిమందియైనను లేరు. ఆ స్థితిలో శాసనకర్తలు అక్షరముకంటె తప్పెటమోతనే నమ్ముట వింత కాదు. పత్రికలో అచ్చువేయించిన ఖర్చు వేలపు ఖర్చులలో చేరును, ఆ ఖర్చులు ఋణస్థుని తలమీదనే పడును. తన ఇల్లు పోవుచున్నదని లోకమునకు చాటిన ప్రకటనకు అచ్చుకూలి కూడ అతడే ఇచ్చుకొన్నాడన్నమాట! వేలము జరిగిన పిమ్మటనైనను, ఆనాడు ముప్పది దినములలోపల బాకీ సొమ్మును, కొన్నవానికి కొన్న వెలమీద నూటికైదును కోర్టులో కట్టినచో వేలము రద్దయ్యెడిది. ఎందరు కట్టగలిగిరో ప్రకటనలు చెప్పవు. రద్దయిన వేలమునకు ప్రకటన ఉండదు.

ఇంతకంటె మనసును కలచునవి ప్రతివాది కనబడనప్పటి ప్రకటనలు. సమను ఇచ్చుటకు అమీనా పోవును, మనిషి ఉండడు. తప్పించుకొని తిరుగుచున్నాడనియో, మామూలు రీతిని ఇచ్చుట సాధ్యము కాదనియో కోర్టు నమ్మినచో, కడపట అతడు కాపురమున్న ఇంటి గోడమీద సమను అంటింపవచ్చును, లేదా తాను తగునని తలచిన మరియొక మార్గమున తెలియజేయవచ్చును. ఆ మరియొక మార్గము పెక్కుమార్లు పత్రిక. అట్లు చేసినచో స్వయముగా చేతికిచ్చినదానితో సమానమని చట్టము చెప్పుచున్నది.

ఆ ప్రతివాది ఎచ్చట ఉండెను? ఆ కాలమున విశాఖపట్టణము, గోదావరి జిల్లాల నుండి వేలాదిజనము కాకినాడ, విశాఖ, భీమునిపట్టణము రేవులలో పొగయోడలెక్కి రంగమునకు పోవుచుండిరి. రంగమనగా రంగూను. అచ్చటి రేవులలో బరువులు మోయుచున్నవాడు, బియ్యపు మరలలో పనిచేయుచున్నవాడు, తన ఊరి గోడమీద అంటించిన కాగితమునెట్లు చూచును? పత్రికను చూచునా? చూచినను చదువునా? ఇంటివద్దనున్న ముసలితల్లికి టముకు వినబడియుండును గాని, ఏ తేదీన ఏ కోర్టునకు పోవలెనో ఆమెకెవరు చెప్పవలెను? గడువు దాటును, ఏకపక్షముగా డిక్రీ వచ్చును. అందరును అమాయకులే అని మేమనము. నోటీసుకు వెరచి అత్తవారి ఊళ్లలో తలదాచుకొన్న ఘనులును ఉండిరి. ఇరువురికిని పత్రికలోని ప్రకటన ఒక్కటే, మాటలొక్కటే. ఇక్కట్టు అదియే.

దివాలా ప్రకటనలకును కొదవ లేదు. 1907, 1920 సంవత్సరములలో వచ్చిన దివాలా చట్టముల క్రింద, ఐదు వందల రూపాయలకు తగ్గని అప్పులున్నవాడు కోర్టులో ఇన్‌సాల్వెన్సీ పిటిషను పెట్టుకొనవచ్చును. అప్పులిచ్చినవారికి తెలియుటకై దానిని ప్రకటింపవలెను. ఆ పిటిషను పేరులోని తొలి అక్షరములు రెండును ప్రకటనల తలకట్టులలో నుండి జనుల నోళ్లలోనికి వచ్చి స్థిరపడినవి. "వాడు ఐ.పి. పెట్టినాడు" అన్న మాటకు మన జిల్లాలలో ఎవ్వరును అర్థమడుగరు. ఏ నిఘంటుకారుని ప్రమేయమును లేకుండ మాట పుట్టినది.

కోర్టుతో నిమిత్తము లేక స్వయముగా వేయించినవి మరికొన్ని. తన ఏజెంటు అధికారమును రద్దుచేసితినని ఒకరు, పోయిన ప్రామిసరీ నోటుతో ఎవ్వరును బేరములాడరాదని ఒకరు. తండ్రి దురలవాట్లకై చేయు అప్పులు తమను బంధింపవని కుమారులు వేయించునవి వీనిలో ముఖ్యమైనవి. ఇది అవినయమని తొందరపడరాదు. తండ్రి ఋణము తీర్చుట కొడుకు ధర్మమని హిందూ న్యాయశాస్త్రము విధించినది. జూదమునకు, త్రాగుడునకు చేసిన అవ్యావహారిక ఋణములు మాత్రమే అందుకు మినహాయింపు. ఉమ్మడి ఆస్తి నిలువవలెనన్న ఆ మినహాయింపును ముందే లోకమునకు చెప్పుకొనుట కొడుకులకు మేలనిపించెను. దానికై ఇంటిగుట్టు బజారున పడెను. ఈ ధర్మబాధ్యత 2005లో వచ్చిన సవరణతో ఆపైని అప్పులకు తొలగిపోయినది.

పత్రికాధిపతులు ఈ ప్రకటనల మీద ఎంత ఆధారపడిరో ఊహింపవచ్చును. చందాదారులు బాకీ పెట్టుదురు. "చందాదారులకు మనవి" అను విన్నపము లేని పత్రిక అరుదు. కోర్టు ప్రకటనకో, సొమ్ము ముందు. 1910 నాటి ప్రెస్ చట్టము క్రింద, క్రొత్తగా ముద్రణాలయము పెట్టువారి నుండి ఐదు వందల మొదలు రెండు వేల రూపాయల వరకు ధరావతు కోరుటకు మేజిస్ట్రేటుకు అధికారముండెను. ఆ చట్టము 1922లో గాని రద్దుకాలేదు. లోపలి పుటలో ప్రభుత్వమును ఖండించు వ్యాసము, వెలుపలి పుటలో అదే ప్రభుత్వపు కోర్టువారి ఉత్తరువు ప్రకారము వేసిన వేలము ప్రకటన. దీనిలో కపటమేమియు మాకు కనబడలేదు. కంపోజిటరునకు జీతమీయవలెను గదా.

తరువాతి కాలమున చట్టము రెండు దిక్కులకు నడచినది. 1963 నాటి కాలపరిమితి చట్టములో ఒక వివరణ చేర్చిరి: ఏకపక్షపు డిక్రీని కొట్టివేయుడని కోరు ప్రతివాదికి గడువు లెక్కించునప్పుడు, గోడమీద అంటించుటయు పత్రికలో వేయుటయు సక్రమముగా సమను ఇచ్చినట్లు కాదు, డిక్రీ సంగతి అతనికి తెలిసిన నాటినుండియే దినములు లెక్కింపవలెను. రంగము పోయినవానికి అర్ధశతాబ్దము ఆలస్యముగా లభించిన ఊరట ఇది. 1976లో మరల సివిలు ప్రొసీజరు కోడును సవరించి, పత్రికలో వేయించునెడల ప్రతివాది కడపట నివసించిన ప్రాంతమున ప్రచారములోనున్న దినపత్రికలోనే వేయవలెనని స్పష్టముగా వ్రాసిరి. నేటి దినపత్రికలలో అట్టి ప్రకటనలను చూడగోరువారు భూతద్దము దగ్గరనుంచుకొనవలెను.

మా మిత్రుని సంపుటములో ఒక పుట నడుమ నలుచదరముగా కత్తిరింపబడియున్నది. పైన సగము తెగిన తలకట్టులో "మునసబు కోర్టు" అన్న అక్షరములు మిగిలినవి. అచ్చయినట్లు ఋజువునకై ప్లీడరుగారు కత్తిరించి దాఖలు చేసిరేమోనని మేమంటిమి. ఆయన మనుమడు ఒప్పుకొనలేదు. ఋజువునకు పత్రిక మొత్తమునే దాఖలు చేయుదురట, తాతగారు ఎన్నడును కత్తెర ముట్టలేదట. తరువాత ఎవరో వచ్చి, తమ పెద్దల ఇల్లు ఎట్లు పోయినదో తెలిసికొనగోరి, అడుగుటకు మొగమాటపడి, కత్తిరించుకొనిపోయిరని ఆయన నమ్మకము. పుట త్రిప్పి చూచితిమి. అటువైపున ఆ కత్తెరకు చిక్కి సగము మిగిలినది ఒక పంచాంగపు ప్రకటన. వెల రెండణాలు, తపాలా ఖర్చులు ప్రత్యేకము.