పాత పుస్తకంలో పెన్సిల్ గీతలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా ఆరోగ్య విషయం చెప్పమన్నారు. రాజమండ్రిలో ముప్పై అయిదేళ్లుగా పురుళ్లు పోస్తున్నదాన్ని. మా బ్యాచ్ వాళ్లందరూ ఇప్పుడు తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు అయ్యారు, లేదా అవబోతున్నారు. అందుకే గర్భిణులకు వచ్చే షుగర్ గురించి మాట్లాడతాను. ముందు నా సంగతి చెప్పాలి.

మా పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు నాకు షుగర్ లేదు. అమ్మాయి కడుపులో ఉండగా ఏడో నెలలో బయటపడింది. పథ్యం చేశాను, ఇన్సులిన్ తీసుకున్నాను. పురుడయ్యాక షుగర్ మామూలుకి వచ్చేసింది. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలని అందరికీ చెప్పే నేను, నాకు మాత్రం చేయించుకోలేదు. చంటిపిల్ల, డ్యూటీలు, రేపు చూద్దాంలే అనుకున్నాను. ఎనిమిదేళ్ల తర్వాత కాలి మీద పుండు మానకపోతే అప్పుడు చూసుకున్నాను. మధుమేహం ఎప్పుడో స్థిరపడిపోయింది.

అసలు ఇది ఎలా వస్తుంది? గర్భంలో మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఇన్సులిన్‌కి అడ్డుపడతాయి. బిడ్డకు ఆహారం బాగా అందడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. దానికి తగ్గట్టు తల్లి శరీరం ఇంకా ఇన్సులిన్ తయారు చేసుకోలేకపోతే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. అప్పుడు బిడ్డే తన ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేసుకుంటుంది. ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది.

కథ కాన్పుతో ముగిసిపోదు. మన రోజుల్లో పై క్లాసు అక్క దగ్గర సగం ధరకు పాత పుస్తకాలు కొనుక్కునేవాళ్లం, గుర్తుందా? కొన్ని పేరాల కింద పెన్సిల్ గీతలు, కొన్ని పాఠాల మీద ‘పరీక్షకు రాదు’ అని రాతలు. అచ్చు అక్షరం ఒక్కటీ మారలేదు. అయినా మనం ఏది చదవాలో, ఏది వదలాలో ఆ గీతలే చెప్పేవి. జన్యువుల సంగతీ అంతే. అక్షరాలు అమ్మానాన్నలు ఇచ్చినవే. వాటి మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు అంటుకుని, ఏ జన్యువు ఎంత పని చేయాలో నిర్ణయిస్తాయి. ఈ శాస్త్రాన్నే ఎపిజెనెటిక్స్ అంటారు. తల్లికి షుగర్ ఉన్నప్పుడు మాయలోనూ, బొడ్డుతాడు రక్తంలోనూ కొన్నిచోట్ల ఈ గుర్తులు తేడాగా కనిపించాయి. ఆకలిని అదుపు చేసే లెప్టిన్ జన్యువు అందులో ఒకటి.

‘అది వంశంలో ఉందిలెండి’ అని మీరు అనవచ్చు. అమెరికాలోని అరిజోనాలో పీమా అనే తెగలో మధుమేహం చాలా ఎక్కువ. అక్కడ ఒకే ఇంటి తోబుట్టువుల్ని పోల్చి చూసి 2000లో ప్రచురించారు. తల్లికి షుగర్ రాకముందు పుట్టినవాళ్ల కంటే, వచ్చాక పుట్టినవాళ్లకు మధుమేహం, ఊబకాయం ఎక్కువగా వచ్చాయి. ఇల్లు ఒకటే, వంశం ఒకటే, తేడా కడుపులో గడిపిన తొమ్మిది నెలల్లోనే. మన పక్కనే మైసూరులో 1997, 98లలో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తే, షుగర్ ఉన్న తల్లుల పిల్లలకు తొమ్మిదిన్నరేళ్లకే ఒంట్లో కొవ్వు, ఇన్సులిన్ ఇబ్బంది ఎక్కువగా కనిపించాయి.

మన డెల్టాకి వద్దాం. ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో జరిగిన సర్వే 2006లో అచ్చయింది. 30 ఏళ్లు దాటినవాళ్లలో వందకు సుమారు 13 మందికి మధుమేహం ఉంది. పట్నం జబ్బు అనుకున్నది కాలవ గట్ల మీది పల్లెల్లోనే ఉంది.

అయితే ఇవి పెన్సిల్ గీతలే, నుదుటి రాతలు కావు. మనుషుల్లో ఇవి మనవల దాకా పోతాయని ఇంకా రుజువు కాలేదు. హైదరాబాద్ సీసీఎంబీ, పుణె శాస్త్రవేత్తలు కలిసి చేసిన ఒక అధ్యయనంలో, బి12 విటమిన్ ఇచ్చాక మధుమేహంతో సంబంధమున్న కొన్ని జన్యువుల మీద గుర్తులు మారడం చూశారు. అంత మాత్రాన బి12 మాత్రలు మింగితే షుగర్ రాదని కాదు. గుర్తులు మారగలవు, అంతవరకే.

ఈ ఏడాది మా అమ్మాయికి ఆరో నెలలో షుగర్ వచ్చింది. సీమంతం నాడు మా వదినగారు చలిమిడి పళ్లెం పట్టుకుని, ‘కడుపు చలవకి పెట్టేది, ఒక్కరోజు తింటే ఏమవుతుందమ్మా’ అన్నారు. అమ్మాయి చిటికెడు తీసుకుని కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. రాత్రి నా పక్కన పడుకుని, ‘అమ్మా, ఇది నీ దగ్గర్నుంచే వచ్చిందా?’ అని అడిగింది. డాక్టరుగా జవాబు తెలుసు. తల్లిగా నోరు పెగల్లేదు. చివరికి, ‘కొంత వచ్చి ఉండొచ్చమ్మా. అందుకే నీ దగ్గర ఆపుదాం’ అన్నాను.

ఎలా ఆపాలి? చెన్నై డాక్టర్ వి. శేషయ్యగారి కృషి వల్ల మన దేశంలో పరీక్ష సులువైంది. పరగడుపున రావక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగి, రెండు గంటలకు రక్తం చూపించుకోవాలి. 140 లేదా అంతకు మించితే జాగ్రత్త పడాలి. గర్భం తెలిసిన వెంటనే ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయించుకోవాలి. ఆ తర్వాత పథ్యం, నడక, అవసరమైతే మందు. ఇన్సులిన్ బిడ్డకు హాని చేయదు. ‘ఇద్దరి తిండి తినాలి’ అని అన్నం మీద అన్నం, పైన ఆత్రేయపురం పూతరేకులు పెట్టడం మాత్రం మానండి. తీపి తిని తెచ్చుకుందని కోడల్ని నిందించడమూ మానండి. అది నిజమూ కాదు, మందూ కాదు.

పురుడయ్యాక తల్లిని మరిచిపోకండి. గర్భంలో షుగర్ వచ్చిన తల్లికి తర్వాత మధుమేహం వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఏడు రెట్లకు పైనే. బారసాల హడావిడిలో ఆరు వారాల పరీక్ష ఎవరికీ గుర్తుండదు. అది గుర్తుపెట్టుకోవలసింది ఇంట్లో పెద్దవాళ్లం, మనమే. తర్వాత ఏటేటా చేయించాలి. బిడ్డకు తల్లిపాలు పట్టించాలి, పెద్దయ్యాక ఆటలకు పంపాలి.

మా అమ్మాయికి పురుడొచ్చి నెలయింది. ఇంకో రెండు వారాల్లో ఆ పరీక్షకు నేనే తీసుకెళ్తున్నాను. నాకు తీసుకెళ్లేవాళ్లు లేక కాదు, నేనే వెళ్లలేదు. మీ ఇళ్లలో ఆడపిల్లలకు అలా జరగనివ్వకండి.

సెలవు.