చేతనైన మేలు



సంఘసేవ అనగానే చాలామందికి పెద్ద విరాళాలు, వేదికలు, పూలదండలు స్ఫురిస్తాయి. అంత కలిమి తమకు లేదని, తీరిక అసలే లేదని పలువురు పక్కకు తప్పుకుంటారు. అయితే తెలుగువారు నేటికీ తలచుకొనే సేవామూర్తులలో కొందరు తమ చేతికి వచ్చిన పనితోనే సేవ ప్రారంభించారు.

గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో నివసించిన డొక్కా సీతమ్మగారు (1841–1909) సామాన్య గృహిణి. ఆమె చేతిలో ఉన్నది గరిటె. వేళకాని వేళ వాకిట నిలిచిన బాటసారికి సైతం వండి వడ్డించారు. ఒకనాడో, ఒక పండుగకో పరిమితం చేయక జీవితాంతం ఆ పని సాగించినందువల్లనే అన్నపూర్ణ అన్న పేరు ఆమెకు దక్కింది.

అదే గోదావరి సీమలో 1909లో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి కథ తల్లిదండ్రులు ప్రత్యేకంగా వినదగినది. ఎనిమిదేండ్లకే ఆమెకు వివాహమైంది. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆ బంధం తనకు సమ్మతం కాదని ఆమె స్పష్టంగా తెలిపారు. తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలిచారు. చిన్ననాటనే తాను నేర్చిన హిందీని ఇతర స్త్రీలకు నేర్పేందుకు బడి పెట్టారు. స్వాతంత్ర్యోద్యమంలో చెరసాలకు వెళ్ళివచ్చి, ఆగిన చదువును తిరిగి అందుకొని న్యాయవాది అయ్యారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువు నడుమ నిలిచిపోయిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపరచారు. తన బ్రతుకులో ఎదురైన ఆటంకాన్ని ఇతరుల దారి నుండి తొలగించటమే ఆమె సేవకు మూలం.

ఈ రెండు జీవితాలు చెప్పే పాఠం ఒక్కటే. తెలిసిన పనిని, కంటికి కనబడే మనిషి కోసం, విడువక చేయాలి.

జవళగిరి ప్రాంతంలో అటువంటి పని ఎదురుగానే ఉన్నది. ఈ కొండపల్లెలలో ఎనిమిదో తరగతితోనో, పదితోనో బడి మానే ఆడపిల్లలు ఇంకా ఉన్నారు. బడి దూరం, అడవి దారి, ఏనుగుల భయం, ఇంటి పని, సంబంధం కుదిరిందన్న తొందర, ఇలా కారణాలు అనేకం. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయటం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 అనే ఫోను నంబరు ఉన్నది. అయినా చట్టం గడప దాటి రావటానికి ముందే రాగలిగినది పొరుగింటి అమ్మ.

వరుసగా మూడునాళ్ళు బడికి రాని పిల్ల ఇంటికి ఉపాధ్యాయిని వెళ్ళి పలుకరిస్తే, ఆ ఇంటిలో ఆలోచన మారవచ్చు. ఒకే దారిన వచ్చే పిల్లలను తండ్రులు వంతులవారీగా తోడుండి దింపితే, భయం సగం తీరుతుంది. హోసూరులో, బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులు నెలకొక ఆదివారం పల్లెకు వచ్చి లెక్కలో, ఇంగ్లీషో నేర్పవచ్చు. ప్రభుత్వ పాఠశాలలో ఆరు నుండి పన్నెండు వరకు చదివి, పైచదువుకు వెళ్ళే బాలికలకు నెలకు 1000 రూపాయలు ఇచ్చే పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రారంభించింది. ఇటువంటి సహాయాల వివరం తెలిపి, దరఖాస్తు నింపిపెట్టటానికి పైసా ఖర్చు లేదు. అక్షరం రాని తల్లికి అది కొండంత అండ.

వజ్రోత్సవ సంబరానికి కట్టిన తోరణాలు నాలుగు రోజులలో వాడిపోతాయి. ఈ సభకు వచ్చిన ప్రతి కుటుంబం తన వీధిలో ఒక్క ఆడపిల్ల పన్నెండో తరగతి పూర్తిచేసేవరకు కనిపెట్టి ఉంటే, ఆ పిల్ల చదువే ఈ బడికి నిలిచే తోరణం.