ఏటీపీలో శక్తి ఎక్కడుంది?

(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)

ఎల్లాప్రగడ సుబ్బారావు పేరిట ప్రసంగించే అవకాశం ఏ జీవరసాయన అధ్యాపకుడికైనా గౌరవమే. 1895లో భీమవరంలో పుట్టి 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన ఆ శాస్త్రజ్ఞుడి జీవితమూ, ఔషధరంగంలో ఆయన చేసిన కృషీ తెలుగువారు ఎరిగినవే. ఈ ఉపన్యాసకుడికి మాత్రం ఆయన పనులన్నింటిలోనూ అత్యంత ప్రీతిపాత్రమైనది ఒక నీలిరంగు. ఫాస్ఫేట్‌ను ఆమ్లంలో మాలిబ్డేట్‌తో కలిపి, ఏర్పడిన సమ్మేళనాన్ని క్షయకరణం చేస్తే వచ్చే నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువని కొలిచే పద్ధతిని సుబ్బారావు, ఆయన సహపరిశోధకుడు ఫిస్కే 1925లో ప్రకటించారు. ఆ కొలతే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌కూ, 1929లో ఏటీపీకీ దారి చూపింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు.

జీవపదార్థంలో కార్బన్, నైట్రోజన్ మొదలైన మూలకాల పాత్ర, ప్రొటీన్ల నిర్మాణం, ఎంజైముల ఉత్ప్రేరణ ప్రతి పాఠ్యగ్రంథంలోనూ ఉన్నవే కనుక వాటిని దాటి అసలు వివాదానికి రావచ్చు. అడినోసిన్‌కు మూడు ఫాస్ఫేట్లు వరుసగా చేరిన అణువు ఏటీపీ. దాని చివరి బంధాల్లో శక్తి దాగి ఉంటుందనీ, బంధం తెగగానే అది బయటపడుతుందనీ నేటికీ బోధిస్తున్నారు. ఇది తప్పు. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి వెచ్చించాల్సిందే. జలవిశ్లేషణలో, అంటే నీటితో జరిగే విచ్ఛేదనలో, పాత బంధాలు తెగడమే కాక కొత్త బంధాలు ఏర్పడతాయి; ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కున్న రుణావేశాల వికర్షణ తగ్గుతుంది; విడివడిన ఫాస్ఫేట్‌లో ఎలక్ట్రాన్లు మరింత విస్తరించి స్థిరపడతాయి; నీటి అణువులు ఉత్పన్నాలను మరింత గట్టిగా చుట్టుకుంటాయి. ఈ మొత్తం లెక్క తేలాకనే శక్తి మిగులుతుంది.

జీవరసాయనవేత్త ఫ్రిట్జ్ లిప్‌మన్ 1941లో ఏటీపీలోని ఈ ఫాస్ఫేట్ బంధాన్ని అలగీతతో సూచించాడు. ఆయన దృష్టి ఫాస్ఫేట్ సమూహాన్ని మరో అణువుకు బదిలీ చేయగల సామర్థ్యం మీద ఉన్నప్పటికీ, తరువాతి తరాలకు ఆ గీతే శక్తి ఉన్న చోటుగా కనిపించింది. 1969లో బార్బరా బ్యాంక్స్ 'కెమిస్ట్రీ ఇన్ బ్రిటన్' పత్రికలో ఈ భావనను తీవ్రంగా ఖండించగా, మరుసటి ఏడాది లైనస్ పౌలింగ్ అదే పత్రికలో బదులిచ్చాడు. పౌలింగ్ అంతటివాడు ఆ భావన పక్షాన నిలబడ్డాడు కాబట్టి వాదం ముగిసిందనుకోవడం సరికాదు. 1970లోనే ఫిలిప్ జార్జ్ బృందం నీటి ప్రభావాన్ని లెక్కగట్టి, పరిసరాలను విస్మరించి అణువునొక్కదాన్నే చూడటం చెల్లదని చూపింది.

లెక్క సరిపోతున్నప్పుడు శక్తి బంధంలో ఉందంటే నష్టమేమిటని కొందరు వాదిస్తారు. లెక్క కూడా సరిపోదు. ఏటీపీ, దాని నుంచి వచ్చే ఏడీపీ, ఫాస్ఫేట్ మూడూ సమతాస్థితికి చేరిన ద్రావణంలో కొద్దిగా ఏటీపీ ఉంటుంది, దాని బంధాలూ అవే, కానీ ఆ ద్రావణం ఏ పనీ చేయలేదు. చెరువు నీటి బలం నీటిబొట్టులో కాక కట్టకు అటూ ఇటూ ఉన్న మట్టాల తేడాలో ఉన్నట్లే, కణం చేయగల పని సమతాస్థితికి అది ఎంత దూరంలో నిలిచిందన్నదానిలో ఉంటుంది. ఏటీపీ జలవిశ్లేషణలో విడుదలై, ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కు సుమారు 30 కిలోజౌళ్ళుగా ఉండే స్వేచ్ఛాశక్తి సజీవ కణంలో సుమారు 50కి పెరగడానికి కారణం అదే. ఏటీపీకీ, ఏడీపీ, ఫాస్ఫేట్‌లకూ మధ్య నిష్పత్తిని సమతాస్థితి నుంచి కోట్ల రెట్లు దూరంగా నిలిపి ఉంచేది ఆహారాన్ని దహించే జీవక్రియ. ఆవేశాల వల్ల ఫాస్ఫేట్ మీద నీటి దాడి మందగించి, ఎంజైము లేకుండా ఏటీపీ త్వరగా విచ్ఛిన్నం కాదని వెస్ట్‌హైమర్ 1987లో వివరించిన విషయాన్ని ఇక్కడే చేర్చి చెప్పాలి. ఆ నెమ్మది లేకపోతే ఈ దూరం నిలవదు.

అందుకే ఈ ఉపన్యాసకుడు రాస్తున్న తెలుగు జీవరసాయన గ్రంథం ఏటీపీ బొమ్మతో కాక నీటితో మొదలవుతుంది. కణంలో ఏటీపీ ఎక్కువగా మెగ్నీషియంతో జతకట్టి ఉంటుంది కనుక, ఆ గ్రంథంలోని పట్టికల్లో శక్తి విలువ ఒంటరిగా కనిపించదు. పక్కనే ఆమ్లత్వం, మెగ్నీషియం మోతాదు, ఏటీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్ గాఢతలు ఉంటాయి. విద్యార్థి ఆ మోతాదులను మార్చి శక్తి ఎలా మారుతుందో తానే లెక్కగట్టే అభ్యాసాలు మూడో అధ్యాయంలో సిద్ధమవుతున్నాయి.